శుక్రవారం దిగి ఆదివారం వెళ్లేవాళ్లకు హైదరాబాద్: కోట, మహళ్లు, మ్యూజియంలు ఏ వరసలో చూడాలి

మీరు రాసిన వివరాలు ఇవీ: రాజమండ్రి నుంచి రాత్రి బండికి బయల్దేరి డిసెంబరులో ఓ శుక్రవారం పొద్దున్నే దిగుతారు, ఆదివారం రాత్రి బండికి తిరుగు ప్రయాణం. అమ్మానాన్నలు అరవై అయిదు దాటినవాళ్లు, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. పిల్లలిద్దరికీ ఎనిమిదీ, పన్నెండూ. అనుకున్న వరస: శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా, చార్మినార్, శనివారం గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు, సాయంత్రం ఫలక్‌నుమా, ఆదివారం పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం, నాంపల్లిలో స్టేట్ మ్యూజియం. ఎంచుకున్న చోట్లకు వంక పెట్టేది లేదు. వరస మాత్రం మొదటి రోజే బెడిసికొడుతుంది.

ఇక్కడి మ్యూజియంలకు వారపు సెలవు శుక్రవారం. సాలార్‌జంగ్, చౌమహల్లా, నిజాం మ్యూజియం, స్టేట్ మ్యూజియం నాలుగూ ఆ రోజు మూసే ఉంటాయి. మిగతా ఊళ్లలో సోమవారం సెలవుకు అలవాటుపడినవాళ్లు శుక్రవారం పొద్దున సాలార్‌జంగ్ గేటు దాకా వెళ్లి వెనక్కి తిరగడం ప్రతి వారం జరిగేదే. కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్న గోల్కొండకు, చార్మినార్‌కు ఆ సెలవు లేదు. అయితే శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదులో జుమ్మా నమాజుకు వేల మంది వస్తారు, చార్మినార్ చుట్టూ బండ్లు మళ్లిస్తారు. కాబట్టి శుక్రవారం మీకు మిగిలేది గోల్కొండ ఒక్కటే. అదీ మంచికే, కోటకు ఒక పూట పూర్తిగా కావాలి.

ఇంకో సంగతి దూరాలు. మీ జాబితాలోవి రెండు గుంపులు. మూసీకి దక్షిణాన పాతబస్తీలో సాలార్‌జంగ్, పురానీ హవేలీ, చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా అన్నీ రెండు కిలోమీటర్ల లోపే. పడమటి కొసన గోల్కొండ, సమాధులు పక్కపక్కనే. ఈ రెండు గుంపుల మధ్య పది కిలోమీటర్ల పైన ఉంటుంది, ట్రాఫిక్‌లో గంట పట్టినా ఆశ్చర్యం లేదు. ఒకే రోజు అటూ ఇటూ తిరిగితే పగలు సగం ఆటోలోనే గడుస్తుంది. ఒక రోజు ఒకే వైపు అని గీత గీసుకోండి. బస కూడా అబిడ్స్, నాంపల్లి, లక్డీకాపూల్ ప్రాంతంలో చూసుకుంటే రెండు వైపులకూ మధ్యలో ఉంటారు. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర గది తీసుకుంటే రాకపోకలకు రోజూ ఇంకో గంట పోతుంది.

శుక్రవారం పొద్దున దిగి, స్నానాలు చేసి, పడుకుని లేవండి. రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన పెద్దవాళ్లను నేరుగా కోట ఎక్కించడం తగదు. పెందలాడే భోంచేసి రెండు, రెండున్నరకల్లా గోల్కొండ చేరితే చాలు. డిసెంబరు కాబట్టి మధ్యాహ్నం వెళ్లమంటున్నాను. ఏప్రిల్, మే నెలల్లో వచ్చేవాళ్లు ఈ సలహా పాటించొద్దు. నల్లరాయి వేడెక్కితే సాయంత్రం దాకా చల్లారదు, ఆ కాలంలో తొమ్మిదికి తలుపులు తీయగానే వెళ్లి పదకొండుకల్లా కిందికి వచ్చేయాలి. వానాకాలంలో బాధ వేరు: జనం తొక్కి తొక్కి నున్నబడిన మెట్లు తడిస్తే జారతాయి.

క్యాబ్‌లో 'గోల్కొండ కోట' అని పెడితే ఒక్కోసారి బయటి గోడ దగ్గరే దింపుతారు. బయటి ప్రాకారం లోపల ఇప్పటికీ పెద్ద బస్తీ ఉంది. ఇళ్లు, దుకాణాలు, బళ్లు అన్నీ అందులోనే. మీరు వెళ్లాల్సింది బాలాహిసార్ దర్వాజా, టికెట్ కౌంటర్ అక్కడ ఉంటుంది. ఫతే దర్వాజా లాంటి పాత ద్వారాల గుండా ఒకసారికి ఒక వరసే పడుతుంది, అందుకే ఆదివారాలు అక్కడ బండ్లు కదలవు. శుక్రవారం మధ్యాహ్నం ఆ బాధ తక్కువ. టికెట్ పెద్దలకు 25 రూపాయల స్థాయి, ఆన్‌లైన్‌లో తీసుకుంటే ఇంకాస్త తక్కువ. పదిహేనేళ్ల లోపు పిల్లలకు లేదు కాబట్టి మీ ఇద్దరికీ ఉచితమే. టికెట్ బసలో ఉండగానే ఫోన్‌లో తీసి పెట్టుకోండి. గేటు దగ్గర అందరూ ఒకేసారి అదే పని చేయబోతారు, నెట్ సతాయిస్తుంది.

లోపలికి అడుగు పెట్టేముందు ద్వారాన్ని ఒకసారి తలెత్తి చూడండి. పైన సున్నపు పనిలో యాళి (సింహాన్ని పోలిన కల్పిత మృగం) బొమ్మలూ పక్షులూ ఉంటాయి. ముందు అడ్డంగా ఒక గోడ కట్టి ఉంది. ఏనుగులు దూరం నుంచి పరుగున వచ్చి తలుపును ఢీకొట్టకుండా చేసిన ఏర్పాటు అది. ద్వారం దాటగానే గుమ్మటం ఉన్న మండపం వస్తుంది. అందరూ చప్పట్లు కొట్టేది అక్కడే. ఆ చప్పుడు కొండ పైన ఉన్న దర్బారు మండపం బారాదరిలో వినబడుతుంది. గుమ్మటం లోపలి తలాలు శబ్దాన్ని చెదరనివ్వకుండా ఒక దిక్కుకు పంపుతాయి, కింద ఎవరొచ్చారో పైనున్నవాళ్లకు తెలియడానికి ఇది పనికొచ్చేది. చాలామందికి ఇది పని చేయదు, కారణాలు రెండు: గుమ్మటం సరిగ్గా నడిమధ్యన నిలబడకపోవడం, ఇరవై మంది ఒకేసారి కొట్టడం. పెద్దవాడిని పైకి పంపి, చిన్నవాడిని కింద నాన్నగారి దగ్గర ఉంచి, ఫోన్‌లో మాట్లాడుకుంటూ కొట్టించండి. ఆ సరదా పిల్లలకు గుర్తుండిపోతుంది.

కోట కథ టూకీగా. కాకతీయుల కాలంలో మట్టికోట. 1363లో బహమనీల చేతికి పోయింది. 1518 నుంచి కుతుబ్‌షాహీలది, రాతికోటగా పెంచింది వాళ్లే. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించినా గోడ పగల్లేదు, లోపలివాడే తలుపు తీశాడు. గోల్కొండ వజ్రాల గని ఎక్కడ అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఇక్కడ గని లేదు, ఇది బజారు. వజ్రాలు దొరికింది కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల, అంటే మీ ఆంధ్రలోనే. ఇప్పుడు ఆ చోటు పులిచింతల జలాశయం కిందికి వచ్చింది.

ఇక మోకాళ్ల సంగతి. కొండ ఎత్తు 120 మీటర్లు, పైదాకా 360 దాకా మెట్లు. ఎత్తులు సమంగా ఉండవు, ఒకటి జానెడైతే ఇంకోటి మోకాలంత. అమ్మగారిని పైకి తీసుకెళ్లకండి. అలాగని ఆవిడ కోట చూడనట్టు కాదు. చప్పట్ల మండపం, ఆయుధాగారం, నగీనా బాగ్, అక్కన్న మాదన్నల కచేరీలు, తారామతి మసీదు, రాణీ మహళ్లు అన్నీ కిందనే. నెమ్మదిగా నడిస్తే గంటన్నరలో చూడొచ్చు, కూర్చోవడానికి గట్లున్నాయి. పైకి వెళ్లకపోతే పోయేవి మూడు: రామదాసు బందీఖానా, మహంకాళి అమ్మవారి గుడి, బారాదరి.

వీటిలో తెలుగువాళ్లు వదులుకోలేనిది బందీఖానా. పాల్వంచ తహశీల్దారుగా ఉన్న కంచెర్ల గోపన్న శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడని తానీషా పన్నెండేళ్ల పాటు చెరలో పెట్టింది ఇక్కడేనని చెబుతారు. అది కొండ పైదాకా ఎక్కితే గానీ కనబడనిది కాదు, మెట్ల దారిలోనే తగులుతుంది. నాన్నగారికి ఓపికుంటే అక్కడి దాకా వెళ్లి తిరిగి రావచ్చు. లోపల చీకటి. రాతి మీద సీతారాములూ ఆంజనేయుడూ కళ్లు అలవాటు పడ్డాకే కనిపిస్తారు కాబట్టి వెళ్లగానే బయటికి రాకుండా రెండు నిమిషాలు ఆగండి. ఆషాఢంలో బోనాలు మొదలయ్యేది పైన ఉన్న అమ్మవారి గుడిలోనే. ఆ నెల ఆదివారాల్లో, గురువారాల్లో కోట చూడ్డానికి రాకండి, మెట్ల మీద అడుగు వేయడానికి చోటుండదు.

బారాదరి దాకా ఎక్కినవాళ్లకు కిందికి రెండు దారులు. ఎక్కిన దారి ఒకటి, రెండోది వెనక నుంచి రాణీ మహళ్ల వైపు దిగే మెట్లు. గైడ్లు రెండో దారినే తీసుకెళతారు, చుట్టుతిరుగుడు ఉండదని. అది నిటారు, మెట్లు ఎత్తు, పట్టుకోవడానికి అన్నిచోట్లా ఏమీ ఉండదు. కోటలో కాళ్లు పట్టేసేది ఎక్కేటప్పుడు కాదు, ఈ దిగుడులోనే. పిల్లలూ మీరూ అయితే సరే, నాన్నగారు ఉంటే ఎక్కిన దారినే దిగండి. కొత్త చెప్పులు, జారే అడుగున్న చెప్పులు వద్దు. మనిషికో లీటరు నీళ్లు చాలు.

గైడు కావాలా అంటే, గోల్కొండకు కావాలి. అక్కడ బోర్డుల మీద ఉన్నది పేరూ, రెండు వాక్యాలూ. నీళ్లు మట్టి గొట్టాల్లో పైకి ఎలా ఎక్కించేవాళ్లో, ఏ గోడకు ఎందుకు ఆ కిటికీ పెట్టారో చెప్పేవాడు లేకపోతే రాళ్లే కనిపిస్తాయి. గుర్తింపు కార్డు ఉన్నవాడిని చూసుకోండి. నడక మొదలుపెట్టక ముందే మూడు మాటలు తేల్చుకోండి: ఎంత, ఎంతసేపు, పైదాకా వస్తాడా లేక కిందనే తిప్పి పంపేస్తాడా. గొడవలన్నీ ఈ మూడో మాట దగ్గరే వస్తాయి. తెలుగులో చెప్పేవాళ్లున్నారు, గట్టిగా అడగండి, లేకపోతే అలవాటుగా హిందీలోకి వెళ్లిపోతారు. సాలార్‌జంగ్‌లో గైడు అక్కర్లేదు.

చీకటి పడ్డాక అక్కడే సౌండ్ అండ్ లైట్ షో. సోమవారం ఉండదు. కోట టికెట్‌తో దానికి సంబంధం లేదు, వేరే కొనాలి. భాష రోజును బట్టి, ఆటను బట్టి మారుతుంది, మీ శుక్రవారం తెలుగు ఉందో లేదో కొనేముందే అడగండి. అమ్మగారికి కొండెక్కని లోటు తీర్చేది ఇదే, పైనున్న కట్టడాలన్నీ కూర్చున్న చోటి నుంచే దీపాల్లో చూస్తారు. ఆరుబయట గంటసేపు కూర్చోవాలి. డిసెంబరులో శాలువా, దోమలకు పూసుకునే మందు ఉండాలి. అది అయ్యాక తిరుగు ప్రయాణమే అసలు చిక్కు. ఇరుకు సందుల్లోకి రాలేక యాప్ క్యాబ్‌లు క్యాన్సిల్ చేస్తాయి, గేటు దగ్గరి ఆటోలు రెట్టింపు అడుగుతాయి. వచ్చేటప్పుడే రానూపోనూ మాట్లాడుకుని ఆటోనో, కారో నిలిపి ఉంచుకోండి. పెద్దవాళ్లతో రాత్రిపూట లంగర్‌హౌజ్ రోడ్డు దాకా నడవడం కన్నా ఆ డబ్బు పెట్టడమే మేలు.

శనివారం పాతబస్తీ. పది గంటలకు సాలార్‌జంగ్ తలుపు తీసేసరికి అక్కడ ఉండాలి. నాంపల్లి నుంచి మెట్రోలో మూడో స్టేషన్ ఎంజీబీఎస్, అక్కడి నుంచి ఆటోకు కిలోమీటరున్నర. గోల్కొండకు గానీ చార్మినార్‌కు గానీ మెట్రో లేదు. ఆడవాళ్లకు సిటీ బస్సు ఉచితం అన్నది తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డుకే, మీరు టికెట్ తీసుకోవాలి.

సాలార్‌జంగ్‌లో అందరూ చేసే పని ఒకటో గదిలో మొదలుపెట్టి ప్రతి చీటీ చదవడం. మొత్తం 38 గ్యాలరీలు, పదో గదికే కాళ్లూ కళ్లూ మొరాయిస్తాయి. ఇదంతా నిజాంల దగ్గర దీవాన్లుగా చేసిన మూడు తరాల సాలార్‌జంగ్‌లు, ముఖ్యంగా మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ కూడబెట్టిన సొత్తు. ఆయన 1949లో పోయాక 1951లో ఆయన దేవిడీలోనే, అంటే నివాస భవనంలోనే, మ్యూజియం తెరిచారు, ఇప్పుడున్న భవనానికి 1968లో మార్చారు. ఒక మనిషి అభిరుచి కాబట్టి గొప్ప వస్తువు పక్కనే మామూలు పింగాణీ కూడా ఉంటుంది. అన్నిటికీ ఒకే గౌరవం ఇవ్వనక్కర్లేదు.

బ్యాగులు లోపలికి రానివ్వరు, క్లోక్‌రూంలో పెట్టాలి. వృద్ధులకు చక్రాల కుర్చీ ఉంటుంది, లోపలికి వెళ్లేటప్పుడే అడిగి తీసుకోండి. అమ్మగారు వద్దంటారు, అయినా తీసుకోండి, నడక మీరు అనుకున్నదానికి మూడింతలు ఉంటుంది. రెండు గంటల్లో చూడ్డానికి నా వరస ఇదీ. మొదట మేలిముసుగు రెబెకా, ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కినది, 1876 నాటిది. జనం ఎదురుగా నిలబడి ఫోటో తీసి వెళ్లిపోతారు. కాస్త పక్కకు జరిగి, వెలుతురు ఏటవాలుగా పడే చోటు నుంచి చూస్తేనే పాలరాయిలో ముఖం మీది పల్చటి బట్ట తెలుస్తుంది. తర్వాత ఒకే దుంగలో చెక్కిన జంట బొమ్మ: ముందు మెఫిస్టోఫిలీస్, వెనక మార్గరెటా, ఇద్దరూ జర్మన్ నాటకం 'ఫౌస్ట్'లోని పాత్రలు. వెనక అద్దం ఉంటుంది, నేరుగా కాకుండా ఓ పక్కగా నిలబడితే ఇద్దరూ ఒకేసారి కనిపిస్తారు. ఆ తర్వాత దంతపు గదిలో టిప్పు సుల్తాన్‌కు ఫ్రాన్స్ రాజు పంపాడని చెప్పే కుర్చీలు. పచ్చరాతి గది తప్పిపోకూడదు: నూర్జహాన్ చాకు, జహంగీర్ బాకు, ఇల్తుత్‌మిష్ పేరున్న గ్రంథపీఠం అన్నీ ఆ ఒక్క గదిలోనే. చిన్న వస్తువులు కావడంతో జనం దాటి వెళ్లిపోతారు. పిల్లలకు ఆయుధాల గది వదలకండి.

పదకొండూ ముప్పావుకు ఎక్కడున్నా సరే వదిలేసి గడియారం దగ్గరికి రండి. గంటగంటకూ అందులో చిన్న తలుపు తెరుచుకుని గడ్డపు మనిషి బయటికి వస్తాడు, గంట కొట్టి లోపలికి పోతాడు. పక్కన కమ్మరి సుత్తి దెబ్బకో సెకను చొప్పున కొడుతూనే ఉంటాడు. కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీ గడియారం, 350కి పైగా భాగాలు. పన్నెండుకే రమ్మనేది పన్నెండు దెబ్బలు వినబడతాయని. ఒంటిగంటకు వెళ్తే ఒక్క దెబ్బతో అయిపోతుంది, పిల్లలు ఇంతేనా అంటారు. బొమ్మ చాలా చిన్నది, వెనక వరసల నుంచి కనబడదు, పన్నెండుకు అయిదు నిమిషాల ముందు వచ్చినవాళ్లకు ముందు చోటు దొరకదు. వీడియో తీద్దామని ఫోన్ పైకెత్తితే వెనకవాళ్లు కేకలేస్తారు, పిల్లలను ముందు కూర్చోబెట్టండి చాలు. కెమెరాకు వేరే టికెట్ ఉంటుంది, కౌంటర్లోనే తీసుకోండి.

నిజాం నగలు, జాకబ్ వజ్రం ఎక్కడున్నాయని చాలామంది ఇక్కడ వెతుకుతారు. 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్లకు కొన్న ఆ 173 నగలు రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉంటాయి. సాలార్‌జంగ్‌లో 2001, 2006లలో కొన్నాళ్ల పాటు ప్రదర్శనకు పెట్టారు, 2019లో పెట్టింది ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో. ఎప్పుడూ చూడ్డానికి దొరికేవి కావు. పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి.

భోజనం మదీనా కూడలి దగ్గర కానివ్వండి, షాదాబ్ లాంటి హోటళ్లు అక్కడే ఉన్నాయి. శనివారం ఒంటిగంట దాటితే బల్ల కోసం నిలబడాలి. పన్నెండు దెబ్బలు విని నేరుగా వెళ్తే ఆ బాధ ఉండదు. అక్కడి నుంచి ఆటోలో ఖిల్వత్ వైపు వెళ్లి చౌమహల్లా గేటు దగ్గర దిగండి. చార్మినార్ మీదుగా నడిచి వెళ్దామనుకోవద్దు. చార్మినార్ చుట్టూ బండ్లకు దారి లేదు, లాడ్ బజారు గుండా అమ్మగారిని మధ్యాహ్నం ఆ గుంపులో నడిపించడం వృథా ప్రయాస. బజారు వచ్చేటప్పటికి పెట్టుకోండి, అప్పుడైతే ఆగి గాజులు చూడొచ్చు.

చౌమహల్లాలో పెద్ద తప్పు సగం చూసి వచ్చేయడం. కట్టడం 1750 ప్రాంతంలో సలాబత్‌జంగ్ కాలంలో మొదలై, అయిదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో, అంటే 1857-69 మధ్య పూర్తయింది. ఒకప్పుడు 45 ఎకరాలు, ఇప్పుడు మిగిలింది 12. దర్బారు హాలు ఖిల్వత్ ముబారక్‌లో 19 బెల్జియం షాండ్లియర్లు వేలాడుతుంటాయి. అందరి కళ్లూ వాటి మీదే. ఒకసారి గోడల మీది సున్నపు పని కూడా చూడండి, అసలు కళ అక్కడుంది. ఇది చూసి ఫోటోలు దిగి చాలామంది గేటు వైపు మళ్లుతారు. పేరులోని నాలుగు మహళ్లు అఫ్జల్, అఫ్తాబ్, మహతాబ్, తహ్నియత్ ఇంకా లోపల, దక్షిణపు ఆవరణలో ఉన్నాయి. దాటి వెళ్తేనే కనిపిస్తాయి. పాత కార్ల షెడ్డు కూడా అంతే, అందులో పసుపు రంగు రోల్స్‌రాయిస్ పిల్లలకు నచ్చుతుంది. తీరిగ్గా రెండు గంటలు ఇవ్వండి. పెద్దవాళ్లు కూర్చోవడానికి ఇంత హాయైన చోటు పాతబస్తీలో ఇంకోటి లేదు: నీళ్ల తొట్టెలు, నీడ, పావురాలు. అయితే ఒక మాట. ఇది ప్రైవేటు ట్రస్టు ఆస్తి, డిసెంబరు పెళ్లిళ్ల కాలంలో లోపల వేడుకలకు ఏర్పాట్లు జరుగుతుంటే కొన్ని భాగాలు చూడనివ్వరు. శనివారం సాయంత్రాలే దీనికి ఎక్కువ అవకాశం. అందుకే చివర్లో కాకుండా మధ్యాహ్నమే పెట్టమన్నాను.

నాలుగున్నరకు చార్మినార్ చేరండి. 1591 నాటి కట్టడం. పైకి వెళ్లనిచ్చేది మొదటి అంతస్తు దాకానే, అన్నిటికన్నా పైనున్న మసీదుకు ఎవరినీ పోనివ్వరు. మెట్లు మీనారు లోపల చుట్టలు తిరుగుతూ, ఇరుకుగా, అడుగు ఎత్తున ఉంటాయి. ఎదురొచ్చేవాళ్లకు దారివ్వడానికి గోడకు అంటుకుపోవాలి. అమ్మగారికి వద్దు, ఊపిరాడని భయం ఉన్నవాళ్లకు అసలు వద్దు. ఎక్కినవాళ్లు ఉత్తరం వైపు చూస్తే చార్‌కమాన్, గుల్జార్ హౌజ్ ఒకే గీతలో కనబడతాయి. నగరం ఎలా వేశారో అప్పుడు అర్థమవుతుంది. మీరు పైన ఉన్నంతసేపూ పెద్దవాళ్లు కింద నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో కూర్చోవచ్చు. మక్కా మసీదుకు వెళ్లేట్టయితే మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలుండాలి, నమాజు వేళ చూసుకుని వెళ్లాలి. 1617లో మొదలుపెట్టి 1694లో ఔరంగజేబు కాలంలో ముగించిన మసీదు. ఆవరణలో ఆసఫ్‌జాహీల, అంటే నిజాంల, కుటుంబ సమాధులు వరసగా ఉన్నాయి. ఏడో నిజాంది మాత్రం ఇక్కడ లేదు, కింగ్ కోఠీ ఎదుట జూదీ మసీదులో ఉంది. దీపాలు వెలిగాక చార్మినార్ ఇంకో రకంగా ఉంటుంది, పిల్లలకు ఓపికుంటే ఏడు దాకా ఉండండి.

పురానీ హవేలీని ఈ శనివారంలో ఇరికించవద్దు. తీసేయమనే నా సలహా, లేదా సాలార్‌జంగ్‌ను కుదించుకుని ఇది పెట్టుకోండి. ఉన్నది తక్కువే: ఏడో నిజాం రజతోత్సవానికి వచ్చిన కానుకలు, వెండి నమూనాలు, ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా బట్టల బీరువా. బీరువా అంటే గోడకు ఆనించినది కాదు, ఒక మహల్ రెక్క పొడవునా రెండంతస్తులుగా సాగే చెక్క కట్టడం. పైకి వెళ్లడానికి చేత్తో తిప్పే లిఫ్టు కూడా ఉంది. 2018 సెప్టెంబరులో బంగారు టిఫిన్ డబ్బా దొంగతనం జరిగింది ఇక్కడే, పది రోజుల్లోపే పోలీసులు పట్టుకున్నారు. నిజాముల కథ మీద మక్కువ ఉంటే ఇది బాగుంటుంది. మొదటిసారి వచ్చి రెండున్నర రోజులే చేతిలో ఉన్నవాళ్లకు చౌమహల్లా చాలు.

ఫలక్‌నుమా గురించి సూటిగా చెప్తాను. అది ఇప్పుడు హోటల్. నిజాం కొలువులోని ప్రముఖుడు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి తొమ్మిదేళ్లు కట్టించాడు, తర్వాత ఆరో నిజాం చేతికి వచ్చింది, 2010 నుంచి తాజ్ వాళ్లు నడుపుతున్నారు. ముందుగా బుక్ చేసుకోనిదే కొండ కింది గేటు కూడా దాటనివ్వరు. సాయంత్రం ఊరికే ఓసారి చూసొద్దాం అని ఆటోలో వెళ్లినవాళ్లను వాచ్‌మన్ వెనక్కి పంపేస్తాడు. బయటి నుంచి కనిపించేదీ ఏమీ లేదు. హై టీనో భోజనమో బుక్ చేసుకుంటే లోపల తిప్పి చూపిస్తారు, 101 మంది కూర్చునే భోజనాల బల్ల అప్పుడే చూడగలరు. మనిషికి వేలల్లో ఖర్చు, ఆరుగురికి లెక్కేసుకోండి. అంత పెట్టదలిస్తే దీనికోసమే ఇంకో ప్రయాణం చేసుకోండి, పిల్లలు కాస్త పెద్దయ్యాక.

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు సమాధులు. గోల్కొండకు రెండు కిలోమీటర్లు, ఆటోవాళ్లకు 'సెవెన్ టూంబ్స్' అంటే తెలుస్తుంది. ఇది కోటతో కలిపి ఎందుకు పెట్టలేదంటే, రెండూ ఒకే పూటలో చూస్తే రెండోది కాళ్లీడ్చుకుంటూ చూడాలి. పైగా పొద్దుటి ఎండ గుమ్మటాల మీద వాలుగా పడ్డప్పుడే సున్నపు పని నీడలు లేస్తాయి. 106 ఎకరాలు, ఆదివారం జనం వచ్చినా చెల్లాచెదురైపోతారు. ముందు హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ సమాధి, 42 మీటర్ల ఎత్తు, అన్నిటికన్నా పెద్దది. తర్వాత హయాత్ బక్షీ బేగం సమాధి, మసీదు, శవస్నానాల హమాం, రెండంతస్తుల జంషీద్ సమాధి. చివరి రాజు తానీషా ఇక్కడ లేడు. దౌలతాబాద్ చెరలో పోయాడు, సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది.

ఇక్కడ గమనించాల్సింది మరమ్మతు. 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు పదేళ్ల పాటు పని చేసింది. అంతకుముందు తరాల్లో పూసిన సిమెంటు తేమను లోపలే బంధించి రాతినీ గారనూ పాడుచేస్తుండటంతో దాన్ని గీకి తీసి, మళ్లీ సున్నపు గార వేశారు. కొన్ని గుమ్మటాలు తెల్లగా మెరుస్తూ కొన్ని నల్లగా ఉండటం చూసి రంగు వేశారని అనుకుంటారు, అది సున్నమే, వానలకు మెల్లగా నల్లబడుతుంది. 2013 వానలకు కూలిన పెద్ద బావిని కూడా మళ్లీ కట్టారు. ఈ మెట్ల బావుల పనికి 2022లో యునెస్కో పురస్కారం వచ్చింది. సమాధుల్లోకి చెప్పులు విడిచి వెళ్లాలి. రాయి పదకొండు తర్వాత కాలుతుంది, మేజోళ్లు ఉంచుకుంటే హాయి.

మధ్యాహ్నం పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం. అసెంబ్లీ మెట్రో స్టేషన్‌కు దగ్గర. పిల్లలకు ఇక్కడి ఈజిప్టు మమ్మీ ఒక్కటి చాలు. ఆరో నిజాం అల్లుడు తెచ్చి ఏడో నిజాంకు ఇవ్వగా, ఆయన 1930లో మ్యూజియానికి ఇచ్చాడు. అజంతా చిత్రాల నకళ్ల గది మీకూ నాన్నగారికీ. గంటన్నరలో అయిపోతుంది, తర్వాత తోటలో కూర్చోవచ్చు.

సామాను గురించి: గది ఖాళీ చేశాక హోటల్ రిసెప్షన్‌లోనే ఉంచమనండి, సాధారణంగా ఉంచుతారు. స్టేషన్ క్లోక్‌రూంలో పెట్టాలంటే ప్రయాణ టికెట్ చూపాలి, ప్రతి సంచికీ తాళం ఉండాలి. తాళం లేని గుడ్డ సంచులు తీసుకోరు. పాతబస్తీలో కొన్న గాజుల పెట్టెలు అందుకే చేతి సంచిలో సర్దుకోండి.